విశ్వవిద్యాలయ గణితం: లెక్క సాధించడం నేర్పే ఆన్‌లైన్ పద్ధతులు

గణితంలో పాఠం వినడం వేరు, లెక్క సాధించడం వేరు. డిగ్రీ, ఇంజనీరింగు తరగతులలో చేరిన పిల్లలు అంతర్జాలంలో గంటల తరబడి పాఠాలు చూచి కూడా, పరీక్షలో కొత్త లెక్క ఎదురైతే తడబడడానికి కారణం ఈ తేడాయే. ఆన్‌లైన్ బోధన ఎంతవరకు ఉపకరిస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తల్లిదండ్రులు తెలిసికొనడం అవసరం.

నాలుగు మెట్లు

హంగరీలో జన్మించి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బోధించిన జార్జ్ పోల్యా (1887-1985) తన 'హౌ టు సాల్వ్ ఇట్' (1945) గ్రంథంలో సమస్యా సాధనకు నాలుగు మెట్లు చెప్పారు. అవి: సమస్యను అర్థం చేసుకొనడం, ఉపాయం ఆలోచించడం, దానిని అమలు జరపడం, సాధించిన పిమ్మట వెనుదిరిగి పరిశీలించడం. ఏ ఆన్‌లైన్ సాధనాన్నయినా ఈ నాలుగింటితో తూచి చూడవచ్చు.

యంత్రం దిద్దే లెక్కలు

అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ ఆచార్యులు మైఖేల్ గేజ్, ఆర్నాల్డ్ పైజర్ 1990ల మధ్యకాలంలో 'వెబ్‌వర్క్' అనే సాఫ్ట్‌వేరును రూపొందించారు. ఇది ఒకే లెక్కను ఒక్కొక్క విద్యార్థికి వేర్వేరు సంఖ్యలతో ఇవ్వగలదు.

అటువంటి లెక్కకు ఒక ఉదాహరణ: కాలువను ఆనుకొని ఉన్న దీర్ఘచతురస్రాకారపు మడికి మూడు ప్రక్కల కంచె వేయాలి. 100 మీటర్ల కంచెతో గరిష్ఠ వైశాల్యం ఎంత? వెడల్పు 25, పొడవు 50 మీటర్లు అయినప్పుడు 1250 చదరపు మీటర్లని అవకలనం ద్వారా తేలుతుంది. ప్రక్క విద్యార్థికి 120 మీటర్ల కంచె ఇస్తే జవాబు 1800. కనుక జవాబును చూచి వ్రాసి లాభం లేదు. కాలువ వెంట పొడవు వెడల్పుకు రెట్టింపు కావాలని గ్రహించినవారికి ఏ సంఖ్య ఇచ్చినా లెక్క లొంగుతుంది.

జవాబు తప్పైతే యంత్రం వెంటనే తెలుపుతుంది. ఉపాధ్యాయుడు అనుమతించినన్ని మార్లు మరల ప్రయత్నించవచ్చు. అయితే తర్కం ఏ మెట్టులో తప్పిందో, తుది జవాబును మాత్రమే చూచే యంత్రం చెప్పలేదు. అందుకు గురువుగాని, తోటివారితో చర్చగాని కావాలి.

మన దేశంలో

ఏడు ఐఐటీలు, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి కేంద్ర ప్రభుత్వ నిధులతో 2003లో 'ఎన్‌పీటెల్' పథకాన్ని చేపట్టాయి. 2014 నుండి ధ్రువపత్రపు కోర్సులు నడుస్తున్నాయి. పాఠాలు ఉచితం, పరీక్షకు మాత్రం రుసుము ఉంటుంది. ప్రతి వారం ఇచ్చే అభ్యాసాలకు కూడా తుది ఫలితంలో వాటా ఉంటుంది. 2017లో కేంద్రం ప్రారంభించిన 'స్వయం' వేదికలోనూ ఈ కోర్సులు లభిస్తాయి.

తెలుగు మాధ్యమంలో చదివి, కళాశాలలో ఒక్కసారిగా ఇంగ్లీషులోకి మారిన సరిహద్దు పిల్లలకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. తరగతిలో ఆచార్యుని ఆపి అడుగ జంకే విద్యార్థి, వీడియోను ఆపి పదిసార్లు వినవచ్చు. సమాకలనపు గుర్తు అన్ని భాషలలోనూ ఒకటే. అడ్డు పడేది ప్రశ్నలోని వాక్యం. దానిని తెలుగులో చెప్పుకొని, బొమ్మ గీసుకొంటే మొదటి మెట్టు దాటినట్లే.

ఇంట్లో గమనించవలసినవి

* పాఠాన్ని మధ్యలో ఆపి, తరువాతి మెట్టును స్వయంగా వ్రాస్తున్నారా?
* తప్పిన లెక్కను మరునాడు చూడకుండా మరల చేస్తున్నారా?
* చేసిన లెక్కను మరొకరికి వివరించగలరా?

తల్లిదండ్రులకు గణితం రాకపోయినా ఈ మూడు ప్రశ్నలు అడుగవచ్చు. కొట్టివేతలతో, దిద్దుబాట్లతో నిండిన నోటుపుస్తకం కనిపిస్తే చదువు సాగుతున్నట్లే. ఫోను వాడినా పుస్తకం తెల్లగా ఉంటే, పిల్లలు పాఠం విన్నారేగాని లెక్క నేర్వలేదని గ్రహించాలి.