గాడిలో ఉన్నది సగం పాటే

స్థానం నరసింహారావు గారి గొంతు ఎలా ఉండేది? సత్యభామగా, చింతామణిగా ఆయన్ని రంగస్థలం మీద చూసినవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు. మనకి మిగిలింది కొన్ని 78 ప్లేట్లు, వాటినుంచి ఎవరెవరో ఎక్కించిన డిజిటల్ ఫైళ్లు. అవి విని "ఇది ఆడగొంతులా ఏముంది, మగగొంతే కదా" అనేస్తాం. ఆ తీర్పులో స్థానం వారి పాలెంత, ప్లేటుకీ స్పీకరుకీ మధ్యనున్న ఫోనో ప్రీయాంప్ అనే చిన్న డబ్బా పాలెంత అన్నది మాత్రం అడగం.

ఈ డబ్బా పని శబ్దాన్ని పెంచడం ఒక్కటే కాదు. బేస్ స్వరాల్ని ఉన్నదున్నట్టు గాడిలో చెక్కితే ముల్లు అటూ ఇటూ మరీ విపరీతంగా ఊగి పక్క గాడిలోకి పోతుంది. అందుకని చెక్కేటప్పుడే బేస్ తగ్గిస్తారు. ట్రెబుల్‌ది ఇంకో గొడవ. అది ప్లేటు బరబరలో కొట్టుకుపోతుంది కాబట్టి దాన్ని పెంచి చెక్కడం తర్వాత అలవాటైంది. వినేటప్పుడు ఈ రెండిటినీ తలకిందులు చేయాలి. అంటే చెక్కినవాడికీ వినేవాడికీ మధ్య ఒక ఒప్పందం ఉండాలి.

చాలాకాలం ఆ ఒప్పందం లేదు. 1925కి ముందు పాడేవాళ్లు బాకాలోకి పాడితే ఆ గాలి ఊపే ముల్లుని కదిపేది. ఇలాంటి సర్దుబాటుకి తావే లేదు. 1925లో ఎలక్ట్రికల్ రికార్డింగ్ వచ్చాక ఏ కంపెనీ లెక్క దానిదే. 1948లో కొలంబియా ఎల్పీ తెచ్చినప్పుడు తన లెక్క తను పెట్టుకుంది. చివరికి 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ ఒకే కర్వ్ ఖాయం చేసింది. ఇవాళ మార్కెట్లో దొరికే ప్రీయాంపుల్లో చాలావాటికి తెలిసింది ఆ ఒక్క కర్వే.

మన పాటల సంగతి ఇక్కడే తేడా కొడుతుంది. మల్లీశ్వరి, పాతాళభైరవి పాటలు ఇళ్లకి చేరింది 78ల మీదే. ఆ సినిమాలొచ్చింది 1951లో. పద్యనాటకాల ప్లేట్లు ఇంకా పాతవి. ఇంగ్లండు కంపెనీల పద్ధతిలో చెక్కిన పాత ఎలక్ట్రికల్ 78ల్లో సాధారణంగా ట్రెబుల్ పెంచేవాళ్లు కాదు. బేస్ తగ్గించడం సుమారు 250–300 హెర్ట్జ్ దగ్గర మొదలయ్యేది. ఆర్‌ఐఏఏ లెక్కలో అది 500. అలాంటి ప్లేటుని ఆర్‌ఐఏఏ ప్రీయాంపుకి కలిపితే ఎవరూ పెంచని ట్రెబుల్‌ని అది 5 కిలోహెర్ట్జ్ దగ్గరే 8 డెసిబెల్స్ కోసేస్తుంది, పైగా బేస్ అదనంగా పోస్తుంది. స, శ, చ పదును పోయి గొంతు బరువెక్కుతుంది. ఆడవేషానికి పేరుపొందిన నటుడికి ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

కాబట్టి 78లు వినాలనుకుంటే కర్వ్ మార్చుకునే వీలున్న ప్రీయాంప్ వెతకండి. ముల్లు కూడా వేరే కావాలి. ఎల్పీకి సుమారు 25 మైక్రాన్లు సరిపోతే, 78 గాడికి 75 దాకా ఉండాలి.

ఎల్పీలకి ఆర్‌ఐఏఏ చాలు. అక్కడ చూసుకోవాల్సింది కార్ట్రిడ్జ్ బలం. మూవింగ్ మాగ్నెట్ 5 మిల్లీవోల్టులిస్తే, 1960ల్లో జపాన్ రేడియో సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం డెనాన్ చేసిన డీఎల్-103 లాంటి మూవింగ్ కాయిల్ ఇచ్చేది 0.3 మాత్రమే. ఇక్కడే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ అక్కరకొస్తుంది. 1:10 అయితే 3 మిల్లీవోల్టులు, కరెంటు అక్కర్లేకుండానే. కానీ ఊరికే రాదు: ప్రీయాంప్‌లోని 47,000 ఓముల లోడు కార్ట్రిడ్జ్‌కి నూరో వంతుగా, 470గా కనిపిస్తుంది. 1:20కి అది 117. 1:40కి 30 లోపే. డీఎల్-103 సొంత నిరోధమే 40 ఓములు కాబట్టి, సగానికి పైగా సిగ్నల్ అక్కడే ఆవిరి. ఎక్కువ పెంచేదే గొప్పదనుకుంటే డబ్బు దండగ. పైగా ఎంత ఖరీదైన ట్రాన్స్‌ఫార్మరైనా తప్పు కర్వ్‌ని సరిచేయలేదు.

తాతల ప్లేట్లు డిజిటల్ చేస్తున్న మిత్రులకి ఒక్క మనవి. ఏ ముల్లు, ఏ కర్వ్ వాడారో ఫైలు పక్కన రాసిపెట్టండి. కర్వ్ తెలిస్తే దాన్ని కంప్యూటర్లో వెనక్కి తిప్పి సరిచేసుకోవచ్చు. స్థానం వారి గొంతు గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.