కాశీ దారిలో రాసిన ఉత్తరాలు, మన బ్లాగులు

మన గ్రూపులో ఈ మధ్య ముగ్గురు నలుగురు ఒకే మాట అడిగారు. "అక్కా, సెలవుల్లో తిరిగిన ఊళ్ళ గురించి బ్లాగు పెడదామనుకుంటున్నాం. ఏం రాయాలి, ఎవరు చదువుతారు, నాలుగు డబ్బులొస్తాయా?" అని. ఏ ఫోను కొనాలో, వీడియో ఎన్ని సెకన్లు ఉండాలో చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను మాత్రం మిమ్మల్ని 1830కి తీసుకెళ్తాను, కాస్త ఓపిక పట్టండి.

ఆ ఏడు మే 18న ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరారు. ఆయన సుప్రీం కోర్టులో దుబాసీ. పల్లకీలు, గుడారాలు, బోయీలు, ఇంటివాళ్ళు, పరివారం అందరూ కలిసి వందమంది దాకా. తిరుపతి, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ, కాశీ చేరారు. తర్వాత గయ, కలకత్తా చూసుకుని, పూరీ మీదుగా తూర్పు తీరం వెంబడి దిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. అంటే పదిహేను నెలల పైమాటే. రైలు లేదు, చాలాచోట్ల సరైన బాట కూడా లేదు.

దారిలో రాసుకున్నదంతా ఆయన కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైగారనే స్నేహితుడికి పంపేవారు. అదే 'కాశీయాత్ర చరిత్ర'. లోకమంతా చదవాలని ఎత్తుకున్న రాత కాదది, ఒక మనిషికి చెప్తున్న కబురు. అందుకే అందులో మనం మాట్లాడుకునే తెలుగు ఉంది, కచేరీ మాటలూ ఉర్దూ మాటలూ అడ్డం లేకుండా దొర్లుతాయి. గ్రాంథికం రాజ్యమేలే రోజుల్లో సుమా!

ఆయన ఏం రాశారో చూడండి. ఈ మజిలీకీ ఆ మజిలీకీ దూరమెంత, బాట ఇసకా రాయా, దారిలో ఏరు ఎలా దాటాలి, ఊళ్ళో అంగళ్ళున్నాయా, సరుకులు దొరుకుతాయా, నీళ్ళు మంచివేనా, దిగడానికి చోటుందా. గుళ్ళ గురించీ రాశారు, అక్కడి మనుషుల ఆచారాల గురించీ రాశారు. నాకైతే గుడి వర్ణనల కన్నా ఈ అంగళ్ళ లెక్కలే ఇష్టం. ఎందుకంటే అవి చదివినవాడు రేపు బయల్దేరితే పస్తుండడు.

మన ఫొటోల కింద మనం రాసేదేమిటి? "సూపర్ ప్లేస్, మిస్ అవ్వకండి." అది చూసి ఎవరో మోకాళ్ళ నొప్పులున్న అమ్మని విజిటింగు వీసా మీద రప్పించి అక్కడికి తీసుకెళ్తారు. అక్కడ రెండొందల మెట్లుంటాయి, బాత్రూం కిందెక్కడో ఉంటుంది. మెట్ల సంగతి మీకు తెలుసు, రాయలేదంతే. బస్సు స్టాపు నుంచి ఎంత నడవాలి, నలుగురికి ఎంతైంది, శాకాహారం దొరికిందా, చంటిపిల్ల బండి పడుతుందా లాంటివి ఆ రాత్రే రాసుకోండి. నైట్ డ్యూటీ చేసేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, అప్పటికప్పుడు చార్టులో ఎక్కించనిది తెల్లారేసరికి గుర్తుండదు.

ఉత్తరాలనగానే ఇసబెల్లా బర్డ్ అనే ఇంగ్లీషావిడ గుర్తొస్తుంది. 1873లో ఆవిడ అమెరికా రాకీ పర్వతాల్లో గుర్రం మీద ఒంటరిగా తిరుగుతూ, ఇంటి దగ్గరున్న చెల్లెలు హెన్రియెట్టాకి ఉత్తరాలు రాసింది. అవి ముందు ఒక పత్రికలో వచ్చాయి, 1879లో పుస్తకమయ్యాయి. అచ్చుకిచ్చేముందు సొంత సంగతులు చాలా తీసేసింది. మనవాళ్ళు ఇది నేర్చుకోవాలి. పిల్లల స్కూలు పేరు, ఇల్లు ఖాళీగా ఉండే తారీఖులు చెల్లెలికి చెప్పొచ్చు, ఊరందరికీ అక్కర్లేదు. తర్వాత, అరవై దాటాక, ఆవిడ చైనాలో యాంగ్జీ నది మీద పడవలోనే రాత్రిళ్ళు తను తీసిన ఫొటోలు కడుక్కుంది. మనకి యాభైకే "ఇప్పుడు ఈ ఎడిటింగు యాప్‌లు నావల్ల ఏమవుతాయి" అని నీరసం!

ఇక అమ్మకం సంగతి. దీనికి నెల్లీ బ్లై కథ చాలు. న్యూయార్క్ 'వరల్డ్' పత్రిక విలేఖరి ఆవిడ. ఎనభై రోజుల్లో భూమి చుట్టే నవలని దాటేస్తానంటే, ఆడదానివి, తోడు కావాలి, పెట్టెలు బోలెడు మోయాలి అన్నారట ఆఫీసులో. చేతిసంచీ ఒక్కటి పట్టుకుని 1889 నవంబరు 14న ఓడెక్కి, 72 రోజుల్లో తిరిగొచ్చింది. ఆవిడ ఉత్తరాలు అందడానికి వారాలు పట్టేది. పాఠకులు మర్చిపోకుండా పత్రికవాళ్ళు పోటీ పెట్టారు. ఎన్ని రోజుల, గంటల, నిమిషాల, సెకన్లలో వస్తుందో చెప్పినవాళ్ళకి యూరప్ ప్రయాణం బహుమతి. కూపన్ పత్రికలోనే ఉంటుంది మరి! దాదాపు పది లక్షల ఊహలు వచ్చిపడ్డాయి. ఇప్పటి "కామెంటులో చెప్పండి, గెలుచుకోండి" అంతా ఆ తానులో ముక్కే.

ఆ కిటుకు తప్పు కాదు. చదివేవాళ్ళకి ఒక పని అప్పజెప్తే మళ్ళీ వస్తారు. కానీ దాని వెనక నిజంగా ఓడెక్కిన మనిషి ఉంది. హోటలువాళ్ళు రెండు రాత్రులు ఊరికే ఇచ్చారని దుప్పట్ల మరకలు దాచి రాస్తే, మన ఆడపడుచే డబ్బు కట్టి వెళ్ళి ఆ దుప్పట్లలో పడుకుంటుంది. అమెరికాలో, యూకేలో ఉచితంగా తీసుకుని రాస్తే ఆ మాట పైకి చెప్పితీరాలి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ప్రకటనలకి అనుమతి కావాలేమో ముందే కనుక్కోండి. ఇంకోటి, డిపెండెంటు వీసా మీద పని అనుమతి లేకుండా ఉన్నవాళ్ళు, బ్లాగు మీద పైసా తీసుకోకముందే ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగండి. "హాబీయే కదా" అన్న మాట వాళ్ళ దగ్గర చెల్లకపోవచ్చు.

వీరాస్వామయ్యగారు తన పుస్తకం అచ్చులో చూసుకోలేదు. ఆయన 1836లో పోయారు. రెండేళ్ళకి, 1838లో, ఆ ఉత్తరాలు అందుకున్న శ్రీనివాస పిళ్ళైగారే అచ్చు వేయించారు. 1941లో దిగవల్లి వెంకట శివరావుగారు మళ్ళీ వెలికితీసి తెచ్చారు. ఏ ప్రకటనా లేకుండా దాన్ని బతికించినవాడు మొదటి పాఠకుడే. కాబట్టి పదివేలమంది ఫాలోవర్లు లేరని దిగులు పడకండి. మీ రాత చదివి నలుగురికి పంపే ఒక్క వదినగారు దొరికితే మొదలెట్టొచ్చు.

ఇంగ్లండులో ఉన్నవాళ్ళకి ఒక మాట. 1876లో మద్రాసులో 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' అని ఒక పుస్తకం వచ్చింది. రాసింది మన పోతం జానకమ్మ రాఘవయ్యగారు. ఇక్కడికొచ్చి చూసి, తెలుగులో రాసుకున్నది ఇంగ్లీషులోకి తెచ్చారు. ఈ వేసవిలో ఎక్కడికైనా వెళ్ళొచ్చినవాళ్ళు ఒక పేజీ రాసి గ్రూపులో పెట్టండి. ఖర్చు, నడక, బాత్రూం తప్పకుండా ఉండాలి. సూర్యాస్తమయం మీ ఇష్టం.