బసంతర్ బురద ఏ రంగులో ఉంటుంది?



ఈ మధ్య మనవాళ్ల ఇళ్లలో ప్లాస్టిక్ ట్యాంకు కిట్ల సందడి ఎక్కువైంది. పిల్లలు ముక్కలు అతికిస్తుంటే పెద్దలు రంగుల డబ్బాలు వెతుకుతున్నారు. ఎవరిని కదిపినా అడిగేది ఒకటే, "తుప్పు ఎలా వేయాలండీ? బురద ఎలా పూయాలండీ?" అని. ఎలా అన్నది రెండో ప్రశ్న. అసలు ఆ బురద ఎక్కడిది, ఏ రోజుది అన్నది మొదటి ప్రశ్న. అది తేలితే రంగు దానంతట అదే తేలుతుంది. అందుకే ఈసారి చరిత్ర వైపు నుంచి రాస్తున్నాను. కాస్త పెద్దదే, తీరిగ్గా చదవండి.

ముందు ఈ కిట్ల సంగతి. చాలా ట్యాంకు పెట్టెల మీద 1/35 అని ఉంటుంది. ఈ వింత అంకె జపాన్ కంపెనీ తమియా నుంచి వచ్చింది. 1960ల మొదట్లో వాళ్లు జర్మన్ పాంథర్ ట్యాంకును మోటారుతో నడిచే బొమ్మగా చేశారు. లోపల మోటారు, రెండు బ్యాటరీలు పట్టాలి కాబట్టి దానికి సరిపడా సైజు పెట్టుకున్నారు. తర్వాత కొలిచి చూస్తే అసలు బండిలో సుమారు 35వ వంతు ఉంది. బ్యాటరీల కోసం కుదిరిన కొలత ప్రపంచమంతా పాకింది. కొత్త బండిలా మెరిసేట్టు రంగు వేయడం కాకుండా, ఎండా వానా దుమ్మూ తిన్నట్టు చూపించడాన్ని వెదరింగ్ అంటారు. 1970, 80ల్లో బెల్జియంకు చెందిన ఫ్రాన్సువా వెర్లిండెన్ వంటివారు ఈ పద్ధతిని పుస్తకాలతో, ఫొటోలతో ఇంటింటికీ చేర్చారు.

మనకు ఇది మరీ కొత్తేమీ కాదు. కొండపల్లి బొమ్మ చేసేవాళ్లు తెల్ల పొణికి చెక్కను చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో భాగాలు అతికి, సున్నం పూత వేశాకే రంగుల జోలికి వెళ్తారు. కిట్ చేసేవాళ్లు ప్రైమర్ అనేది ఆ సున్నం పూత లాంటిదే. అది లేకపోతే పై రంగు నిలవదు.

ఇప్పుడు అసలు కథ. 1971 డిసెంబరు యుద్ధంలో పశ్చిమాన షకర్‌గఢ్ ప్రాంతంలోకి చొచ్చుకుపోయిన మన సేనల్లో 54వ పదాతి డివిజన్ ఒకటి. అది సికింద్రాబాద్ డివిజన్, అంటే మన తెలుగు గడ్డ మీద ఇల్లున్నది. దాని దారికి అడ్డంగా బసంతర్ అనే ఏరు, ఏటి పక్కన పాకిస్తాన్ సైన్యం పరిచిన మందుపాతరలు. డిసెంబరు 15 రాత్రి పదాతి దళం ఏరు దాటి అవతలి గట్టున కాలు మోపింది. ట్యాంకులు వెంటనే రాకపోతే తెల్లారేసరికి వాళ్ల మీద శత్రువు ట్యాంకులు పడతాయి. ట్యాంకులు రావాలంటే ఎవరో ముందు నడిచి ఆ పాతరలు తీయాలి.

ఆ పని ఇంజినీర్లది. ఇక్కడే మన బెంగళూరు ప్రసక్తి వస్తుంది. ఆ రాత్రి దారి తీసింది మద్రాస్ సాపర్స్‌కు చెందిన 9 ఇంజినీర్ రెజిమెంట్. అల్సూరు చెరువు పక్కనుంచి వెళ్లేటప్పుడు మనం చూసే గోడల వెనక ఉన్నది వాళ్ల కేంద్రమే. 1780లో మొదలైన ఈ దళంలో దక్షిణాది రాష్ట్రాల కుర్రాళ్లు చేరతారు, మన తెలుగు పిల్లలు కూడా. ముళ్లకంచెలను పేల్చే బెంగళూరు టార్పెడో పుట్టింది కూడా ఇక్కడే. 1912లో ఈ దళంలో పనిచేస్తున్న కెప్టెన్ మెక్‌క్లింటాక్ దాన్ని తయారుచేశాడు. 1944లో నార్మండీ తీరంలో అమెరికన్ సైనికులు కంచెలు పేల్చింది ఆ పేరున్న ఆయుధంతోనే.

బసంతర్ దగ్గర సాపర్ల పని సగంలో ఉండగానే, శత్రువు ట్యాంకులు కదులుతున్నాయని అవతలి గట్టు నుంచి కబురొచ్చింది. 17 పూనా హార్స్ ఇక ఆగలేదు. ఇంకా పూర్తిగా తీయని పాతరల మధ్య నుంచే సెంచూరియన్ ట్యాంకులను నడిపించుకుని వెళ్లింది. మర్నాడు, డిసెంబరు 16న, 21 ఏళ్ల సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ తన ట్యాంకు 'ఫామగుస్తా'లో నిలబడి పోరాడాడు. బండికి నిప్పంటుకుంది, వదిలి రమ్మన్నారు. తుపాకి ఇంకా పేలుతోంది కాబట్టి రానన్నాడు. నాలుగు శత్రు ట్యాంకులు కూల్చి, అక్కడే ప్రాణం విడిచాడు. మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. ఆ ట్యాంకును తెచ్చి అహ్మద్‌నగర్ ట్యాంకు దళ కేంద్రంలో భద్రపరిచారు.

ఇక మన బల్ల దగ్గరికి వద్దాం. ఆ సెంచూరియన్‌నే చేద్దామనుకోండి. 1/35లో దాని ఒళ్లు తుపాకి గొట్టం కాకుండా సుమారు 22 సెంటీమీటర్లు వస్తుంది.

ముక్కలను సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. ప్రైమర్ తర్వాత ఆలివ్ ఆకుపచ్చ అక్రిలిక్‌ను పలచగా రెండు మూడు పూతలు వేయండి. చిక్కగా ఒకే పూత వేస్తే రివెట్లూ గీతలూ మునిగిపోతాయి. ఒక రోజు ఆరనిచ్చి, ముదురు గోధుమ ఆయిల్ పెయింటును టర్పెంటైన్‌లో బాగా పలచన చేసి మూలల్లో, సందుల్లో పారించండి. వాష్ అంటే ఇదే. కింద అక్రిలిక్, పైన ఆయిల్ అయితే కింది రంగు చెదరదు. బాల్కనీ తలుపులు తీసిపెట్టుకోండి, పిల్లలుంటే పక్కనే ఉండండి.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ల చెయ్యి ఎక్కువగా జారేది తుప్పు దగ్గరే. బండంతా నారింజ రంగు పులిమేస్తారు. డిసెంబరు 3న మొదలై 16న ముగిసిన యుద్ధం అది. సైన్యం రోజూ చూసుకునే బండి ఆ కాస్త రోజుల్లో తుప్పు పట్టి కుళ్లిపోదు. గొలుసు పట్టాలకు మాత్రం తుప్పు త్వరగా వస్తుంది, కానీ నేలకు రాసుకునే చోట ఉక్కు మెరుస్తుంది. సైలెన్సర్ల మీద మసి, కాస్త తుప్పు సబబే. సిబ్బంది ఎక్కి దిగే చోట, మూతల అంచుల దగ్గర రంగు అరిగి ఉంటుంది. చిన్న స్పాంజి ముక్కతో అద్దితే ఆ అరుగుదల వస్తుంది.

తర్వాత దుమ్ము, దాని మీద బురద. ఈ వరస ముఖ్యం. ముందు రోజులన్నీ పొడి నేల మీద నడిచిన బండి, కాబట్టి పైభాగమంతా పలచటి లేతరంగు దుమ్ము. ఏరు దాటింది ఆ ఒక్క రాత్రి, కాబట్టి చక్రాల దగ్గర, పక్క రేకుల కింది అంచున తడి బురద. తడిది ముదురుగా, ఆరినది లేతగా ఉండాలి. లాల్‌బాగ్ వైపు దొరికే మన ఎర్రమట్టి చేతికి అందుతోంది కదా అని పూయకండి. అక్కడిది హిమాలయ పాదాల నుంచి ఏళ్లు మోసుకొచ్చిన ఒండ్రు, బూడిద కలిసిన గోధుమ రంగు. ఎర్రమట్టి పూస్తే మీ బండి బసంతర్ దాటినట్టుండదు, హోసకోటెలో తిరిగినట్టుంటుంది. మట్టి బదులు సుద్ద పాస్టెళ్లు అరగదీసిన పొడి మేలు. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు ఈ కొలతలో మూడున్నర సెంటీమీటర్ల రాయి అవుతుంది మరి!

ఇంత పట్టింపు ఎందుకంటారా? హైదరాబాద్ ట్యాంక్‌బండ్ దగ్గర ప్యాటన్ ట్యాంకు చూసే ఉంటారు, 1971లో పట్టుబడ్డదే. ఇలాంటి బండ్లను ఎక్కడ నిలబెట్టినా ఎండకూ వానకూ చెడిపోకుండా రంగు మీద రంగు వేయాల్సిందే. అది తప్పు కాదు, లోహం నిలవాలిగా. కానీ ఆ నున్నటి రంగు కింద ఆ రాత్రి బురద, మసి, గీతలు అన్నీ కప్పబడిపోతాయి. పిల్లలకు యుద్ధమంటే ఫొటో దిగడానికి బాగుండే పచ్చటి ఇనుము అనిపిస్తుంది. ఆ బండి ఏ నేల మీద నడిచిందో, దాని ముందు ఎవరు నడిచారో చెప్పే అవకాశం బల్ల మీది చిన్న బొమ్మకే ఎక్కువ. చెప్పాలంటే ఒక్కటే నియమం: ప్రతి మరకకూ ఒక కారణం ఉండాలి.

ఇంకొక్క మాట. కిట్ పెట్టెలో ట్యాంకు ఉంటుంది, ఒకరిద్దరు సిబ్బంది బొమ్మలు ఉండొచ్చు. చీకట్లో నేలను తడుముతూ ముందు నడిచిన సాపర్ ఉండడు. అతన్ని మనమే చేర్చాలి. ట్యాంకు కింద పీఠం మీద దారికి అటూ ఇటూ సన్నని తెల్ల టేపు, మోకాళ్ల మీద వంగిన ఒక మనిషి బొమ్మ, తీసి పక్కన పెట్టిన ఒకటి రెండు పాతరలు. అంత చాలు, చూసినవాళ్లు "ఇతనెవరు?" అని అడుగుతారు. అప్పుడు అల్సూరు పేరు చెప్పండి.

వచ్చే దసరాకు మన బొమ్మల కొలువులో ఒక మెట్టు ఇలాంటి బొమ్మలకు ఇద్దామని నా ప్రతిపాదన. దేవుళ్లూ, పెళ్లి బృందాలూ, చెట్టియార్ దంపతులూ ఉన్న కొలువులో ఒక ఏరు, ఒక ట్యాంకు, ఒక సాపర్ ఇమడకపోరు. మన సభ్యుల కుటుంబాల్లో మద్రాస్ సాపర్స్‌లో పనిచేసినవాళ్లు ఉంటే, వాళ్లు చెప్పిన సంగతులు కింద రాయండి. పిల్లలు రంగు కలిపేముందు వాటిని చదువుకుంటారు.