అదబ్ పేరుతో మింగిన పొగ

2001 నవంబర్ 2. హైదరాబాద్‌లో ఒక పత్రిక దఫ్తర్‌లో కొత్తగా చేరిన రోజులవి. మురళీ దేవరా వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు హుకుం వచ్చింది. ఆస్పత్రులు, బడులు, లైబ్రరీలు, కోర్టులు, సర్కారీ ఆఫీసులు, రైళ్లు, బస్సులలో సిగరెట్ బంద్. ఆ ఖబర్‌ని తెలుగు చేసే పని నాకిచ్చారు. చుట్టూ సీనియర్లు సిగరెట్లు కాలుస్తుంటే, కళ్లు మండుతుంటే రాశాను. మా లాంటి ప్రైవేటు దఫ్తర్ల పేరు ఆ ఫెహరిస్తులో లేదు.

పెద్దల ముందు 'జర బయటికెళ్లి తాగండి సాబ్' అనడం బద్‌తమీజీ అని నేర్చుకుని పెరిగినవాణ్ని. ఖామోష్‌గా దగ్గుకున్నాను.

పొగాకు మీద బహస్ మనకు కొత్త కాదు. 17వ శతాబ్దం మొదట్లో అసద్ బేగ్ అనే దర్బారీ మన దక్కన్‌లోని బీజాపూర్ నుంచి పొగాకు, హుక్కా తీసుకెళ్లి అక్బర్ బాద్షా ముందు పెట్టాడు. హకీం వద్దన్నాడు. 1617లో జహంగీర్ పొగాకును మనా చేస్తూ ఫర్మాన్ ఇచ్చాడు. అది నిలవలేదు. హుక్కా మెహమాన్‌నవాజీలో కలిసిపోయింది. 1916లో హైదరాబాద్‌లో వజీర్ సుల్తాన్ పెట్టిన కంపెనీ సిగరెట్‌కి మన చార్మినార్ పేరే దక్కింది.

ఇన్నేళ్ల బహస్ తాగేవాడి గురించే. పక్కన కూర్చున్నవాడి సంగతి దునియాకి గట్టిగా చెప్పినవాడు జపాన్ డాక్టర్ హిరయామా. సిగరెట్ ముట్టని 91,540 మంది భార్యల్ని 14 ఏళ్లు గమనించి 1981లో నతీజా చెప్పాడు. మియా ఎక్కువ తాగే ఇళ్లలో బీవీలకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఖత్రా ఎక్కువ. ఇంట్లో నిజమైంది దఫ్తర్‌లో అబద్ధం ఎలా అవుతుంది? 2004 మార్చి 29న ఐర్లాండ్ పనిచేసే చోట్లన్నిటా పొగ ఆపేసింది. దేశం మొత్తానికి అలాంటి ఖానూన్ తెచ్చిన మొదటి ముల్క్ అదే.

మన దగ్గర 2003లో పొగాకు చట్టం వచ్చింది. 2008 అక్టోబర్ 2 నుంచి అమలైన రూల్స్‌తో ప్రైవేటు దఫ్తర్లూ అందులోకి వచ్చాయి. జుర్మానా 200 రూపాయల దాకా. అసలు సంగతి ఇంకోటి. బోర్డు పెట్టడం, యాష్‌ట్రేలు తీసేయడం, షికాయత్ ఎవరికి చేయాలో రాసిపెట్టడం మాలిక్ జిమ్మేదారీ.

మా దఫ్తర్‌లోనూ యాష్‌ట్రేలు లేచిపోయాయి. ఆ వారం నా సీనియర్ సాబ్‌తో నా కళ్ల మంట సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. 'ఏడేళ్లు ఎందుకు చెప్పలేదు బేటా?' అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మేం దేన్ని అదబ్ అనుకున్నామో అది ఆయనకీ మేలు చేయలేదు, నాకూ చేయలేదు.

ఖానూన్ వచ్చినా కథ ఖతం కాలేదు. 2016-17 సర్వేలో నాలుగు గోడల మధ్య పనిచేసేవాళ్లలో 30.2 శాతం మంది పనిచోట ఇతరుల పొగ పీలుస్తున్నామన్నారు. మన ఖాందాన్లలో మెకానిక్ షెడ్లున్నాయి, టైలర్ దుకాణాలున్నాయి, జరీ కార్ఖానాలున్నాయి. అక్కడ పని నేర్చుకునే కుర్రాడు ఉస్తాద్‌కి ఎదురు చెప్పలేడు. నేనూ చెప్పలేకపోయాను. ఊపిరి తీసుకోవడం ఆ కుర్రాడి హక్. హుఖూఖుల్ ఇబాద్ గురించి జుమా రోజు విని తలూపే మనం, దుకాణం షటర్ లేపాక దాన్ని మరిచిపోకూడదు. వాడు అడిగేదాకా ఆగకుండా, మాలిక్ అయినవాడే సిగరెట్ పట్టుకుని బయటికి నడవాలి.