ఎజైల్ కోచింగ్

సాఫ్ట్‌వేరు నిర్మించు బృందములకు, స్వల్పమైన గడువులలో పనిచేయు ప్రోగ్రామును వినియోగదారునకు చూపుచు, అతని యభిప్రాయము ననుసరించి ప్రణాళికను దిద్దుకొను పద్ధతిని, వారి నిత్యకృత్యములో పాలుపంచుకొనుచు నేర్పు విద్యకు ఎజైల్ కోచింగ్ అని పేరు.

దీనికి ప్రసిద్ధమైన తొలి నిదర్శనము అమెరికాలోని క్రైస్లర్ మోటారు సంస్థయందు కానవచ్చును. ఉద్యోగుల జీతములను లెక్కకట్టు ‘సీ3’ ప్రోగ్రాము నిర్మాణము చిక్కులలో బడగా, 1996లో దానిని చక్కదిద్దుటకు వచ్చిన కెంట్ బెక్, బృందమునకు కోచ్‌గా రాన్ జెఫ్రీస్‌ను రప్పించెను; ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అను ఎజైల్ పద్ధతి రూపుదిద్దుకొనినది అచ్చటనే. 1997లో ఆ ప్రోగ్రాము సుమారు 10,000 మందికి జీతములు లెక్కకట్టనారంభించినది. 2000లో సంస్థ దానిని విరమించుకొనినను పద్ధతి నిలిచినది. 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రమందలి స్నోబర్డ్‌లో సమావేశమై ఇట్టి పద్ధతుల మూలసూత్రములను చాటు ఎజైల్ మేనిఫెస్టోను రచించిన 17 మందిలో వీరిరువురును గలరు.

ఒకే కీబోర్డు ముందు ఇద్దరు ప్రోగ్రామర్లు కూర్చుండి, ముందుగా విఫలమగు టెస్టును వ్రాసి, అది నెగ్గుటకు చాలినంత కోడును మాత్రమే చేర్చి, పిమ్మట దానిని శుభ్రపరచు అభ్యాసమును కోచ్ దగ్గరుండి చేయించును. జరిగిన పనిని బృందము సమీక్షించుకొను రెట్రాస్పెక్టివ్ సమావేశమున, తప్పెవరిదను ప్రసక్తి రానీయక, పని యెచ్చట నిలిచిపోయినదో వారిచేతనే చెప్పించును. ఈ రెండవది మిక్కిలి కష్టసాధ్యము. పై అధికారి యెదుట నోరు విప్పుటకు జంకు బృందములలో దీనికి నెలలు పట్టును.

స్క్రమ్ అను మరియొక ఎజైల్ పద్ధతిలో, రెండు దినముల తరగతితో లభించు స్క్రమ్ మాస్టరు సర్టిఫికెట్లు పదజాలమును నేర్పగలవు గాని, ఈ యలవాట్లను నేర్పజాలవు.