తల్లి మనసుకూ కావాలి సంరక్షణ

గర్భిణీ స్త్రీకి రక్తహీనత ఉన్నదా, రక్తపోటు పెరిగినదా అని ప్రతి పరీక్షలోనూ చూస్తారు. ఆమె మనసు ఎలా ఉన్నదని అడిగేవారు అరుదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం అభివృద్ధి చెందుతున్న దేశాలలో గర్భిణులలో 15.6 శాతం, ప్రసవించిన స్త్రీలలో 19.8 శాతం మంది మానసిక సమస్యలకు, ముఖ్యంగా కుంగుబాటుకు లోనవుతున్నారు. అనగా బాలింతలలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరన్నమాట.

ప్రసవమైన రెండు మూడు రోజులకు కారణం తెలియకుండా కన్నీరు రావడం, చిరాకు, దిగులు కలగడం సర్వసాధారణం. హార్మోన్లలో వచ్చే ఆకస్మిక మార్పులు, నిద్రలేమి ఇందుకు దోహదం చేస్తాయి. తగిన విశ్రాంతి, ఇంటివారి ఆదరణ లభిస్తే సాధారణంగా రెండు వారాలలోపు ఈ స్థితి దానంతటదే తొలగిపోతుంది.

రెండు వారాలు దాటినా దిగులు వీడకపోవడం, బిడ్డ నిద్రించినా తల్లికి నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, బిడ్డపై ఆసక్తి కలగకపోవడం, తాను మంచి తల్లిని కాలేనని కుమిలిపోవడం ప్రసవానంతర కుంగుబాటు లక్షణాలు. ఇది గర్భధారణ సమయంలోనే ఆరంభం కావచ్చు. గతంలో కుంగుబాటుకు గురైనవారికి, గృహహింస, ఆర్థిక ఇబ్బందులు, ఆడపిల్ల పుట్టినదన్న నిష్ఠూరాలు ఎదుర్కొనే స్త్రీలకు ముప్పు అధికం. ఇది ఆమె బలహీనత కాదు, చికిత్సతో నయమయ్యే వ్యాధి. కౌన్సెలింగుతో పలువురు కోలుకుంటారు. అవసరమైతే పాలిచ్చే తల్లులకు అనువైన మందులను వైద్యులు సూచిస్తారు. వాటిని సొంత నిర్ణయంతో మానరాదు.

ప్రతి వెయ్యి ప్రసవాలలో ఒకరిద్దరికి తీవ్రమైన మానసిక వ్యాధి సోకుతుంది. లేని మాటలు వినిపించడం, అకారణ అనుమానాలు, పొంతన లేని ప్రవర్తన దీని లక్షణాలు. గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో కాలయాపన చేయక, తల్లీబిడ్డలను ఒంటరిగా విడువక, తక్షణమే ఆసుపత్రికి తరలించాలి. ఆత్మహత్య ఆలోచనలు, బిడ్డకు హాని తలపెట్టే ఆలోచనలు వ్యక్తమైనా ఇదే విధంగా వ్యవహరించాలి.

చికిత్సకు వెళితే బిడ్డను దూరం చేస్తారన్న భయం వలదు. మానసిక వైద్యశాలలో చికిత్స పొందే తల్లి నుండి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరు చేయరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్దేశిస్తున్నది.

ప్రసవానంతరం 42 రోజుల వరకు ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తకు తల్లి నిద్ర, దిగులు గురించి కూడా చెప్పాలి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవలు 14416 నంబరుపై రేయింబవళ్లు ఉచితంగా, తెలుగులో సైతం లభిస్తాయి. పథ్యం పెట్టే చేతులే "మనసు ఎలా ఉందమ్మా?" అని ఆప్యాయంగా పలకరిస్తే సగం చికిత్స ఇంటిలోనే మొదలవుతుంది.