వాయిదాలతో లేచిన విహార్‌లు

సైనికుడి ఇంట్లో నల్ల ట్రంకుపెట్టెలు ఎప్పుడూ అందుబాటులోనే ఉంటాయి. మూతల మీద తెల్లరంగుతో పేరు, నంబరు, యూనిట్. రెండు మూడేళ్లకోసారి సంసారమంతా వాటిలోకి సర్దుకోవాలి. పీస్ స్టేషన్‌లో ఫ్యామిలీ క్వార్టర్ దొరికితే భార్యాపిల్లలు వెంట ఉంటారు. దొరక్కపోతే వరుసలో పేరు రాయించుకుని, అందాకా బయట అద్దె ఇల్లు చూసుకోవాలి. ఫీల్డ్ పోస్టింగ్ వచ్చిందా, ఆయన సరిహద్దుకు, ఇల్లాలు పిల్లలతో అత్తవారింటికో పుట్టింటికో. వదిలిన క్వార్టర్‌కు మార్చ్ అవుట్ తనిఖీ ఉంటుంది. పగిలిన అద్దం, ఊడిన కుళాయి లెక్కరాసి ఆ సొమ్ము వసూలు చేస్తారు. పిల్లలకు బడి మారుతుంది, చదివే భాష మారుతుంది. ఈ భారమంతా ఎక్కువగా మోసింది ఇల్లాలే. సైన్యం గురించి మనం రాసుకునే చరిత్రల్లో ఆమెకు దక్కిన చోటు చాలా తక్కువ.

క్వార్టర్ల కొరత తీర్చడానికి ప్రభుత్వం 2002లో మ్యారీడ్ అకామడేషన్ ప్రాజెక్టు చేపట్టి, దశలవారీగా సుమారు 2 లక్షల ఇళ్లు కట్టాలని తలపెట్టింది. అవి కొలువులో ఉన్నవారికి. యూనిఫాం విప్పిన మర్నాడు ఎక్కడికి వెళ్లాలన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నను అంతకు చాలా ముందే, 1978లో, ఆర్మీ వెల్ఫేర్ హౌసింగ్ ఆర్గనైజేషన్ తలకెత్తుకుంది.

సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన ఈ సంస్థ లాభం, నష్టం లేని పద్ధతిలో ఇళ్లు కట్టిస్తుంది. బడ్జెట్‌లోంచి వచ్చే సొమ్ముతో నడిచే సంస్థ కాదిది. సియాచిన్‌లోనో తవాంగ్‌లోనో ఉన్న మనిషి తన జీతంలోంచి వాయిదాలు కడతాడు. అలాంటి వందలమంది వాయిదాలు కలిస్తే స్థలం వస్తుంది, పునాది పడుతుంది. స్థలం చూడటానికి సెలవు లేనివాడు, దళారీతో బేరమాడలేనివాడు, రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగలేనివాడు కొలువులో ఉండగానే సొంతింటివాడయ్యే దారి అలా ఏర్పడింది. నా దృష్టిలో ఈ సంస్థ చేసిన అసలు మేలు ఇదే. మాజీ సైనికులకు, సైనికుల వితంతువులకు కూడా ఇందులో చోటు కల్పించారు.

నోయిడాలోని అరుణ్ విహార్ తొలితరం కాలనీల్లో పేరున్నది. 1971 యుద్ధంలో బసంతర్ దగ్గర నేలకొరిగి పరమవీర చక్ర పొందిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ పేరు దానికి పెట్టారు. ఆయనకప్పుడు 21 ఏళ్లు. సొంత ఇల్లు గురించి ఆలోచించే వయసైనా రాని ఆ కుర్రవాడి పేరు ఇవాళ ఎన్నో కుటుంబాల చిరునామాలో ఉంది. నౌకాదళం, వైమానిక దళం వారికి వేరే హౌసింగ్ బోర్డు ఉంది. మన కూకట్‌పల్లిలోని జలవాయు విహార్ దాని చలవే. సికింద్రాబాద్ వైపు సైనిక్‌పురి, వాయుపురి, డిఫెన్స్ కాలనీ పేర్లు వింటేనే అక్కడ ఎవరు స్థిరపడ్డారో తెలుస్తుంది.

అయితే విహార్‌లన్నీ నగరాల్లోనే లేచాయి. తాడేపల్లిగూడెం పక్కన, మిలిటరీ మాధవరంగా పేరుపడ్డ ఊరి జవాను నోయిడాలో ఫ్లాట్ కొని ఏం చేసుకుంటాడు? జవానుకు 15 ఏళ్ల సర్వీసుతో పింఛను అర్హత వస్తుంది. చాలామంది నలభై నిండకముందే, పిల్లలింకా బడిలో ఉండగానే, ఇంటికొస్తారు. గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండు, పింఛనులో సగం దాకా ముందే ఏకమొత్తంగా తీసుకున్న (కమ్యూట్ చేసిన) సొమ్ము కలిపి ఊళ్లో డాబా వేస్తారు. జీవితకాలం కూడబెట్టిందంతా ఆ గోడల్లోకే పోతుంది. స్థలం పత్రాలు సరిచూసేవారు, మేస్త్రీ వేసిన లెక్కను తప్పుపట్టేవారు పక్కన ఉండరు.

చేదుమాట ఎందుకంటారేమో గానీ, కొచ్చి సంగతి రాయకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. వైటిలలో ఈ సంస్థ కట్టించిన చందర్ కుంజ్ ఆర్మీ టవర్స్‌ను 2018లో అప్పగించారు. కొద్ది ఏళ్లకే కాంక్రీటు పెచ్చులూడింది. బి, సి టవర్లు నివాసానికి సురక్షితం కావని తేలి, వాటిని కూల్చి తిరిగి కట్టించాలని, అందాకా నివాసులకు అద్దె చెల్లించాలని కేరళ హైకోర్టు 2025 ఫిబ్రవరిలో ఆదేశించింది. సైన్యం పేరుంది కదా అని కళ్లు మూసుకుని కట్టిన వాయిదాలవి. అంత నమ్మకం పెట్టినవారికి ప్రతి స్లాబు దగ్గరా బయటి ఇంజనీర్ల తనిఖీ నివేదిక చూసే హక్కు ఉండాలి.

2028లో సంస్థకు యాభై ఏళ్లు నిండుతాయి. ఈలోగా సైన్యమే మారింది. 2022లో మొదలైన అగ్నిపథ్ నియామక పథకం కింద చేరినవారిలో నాలుగోవంతుకు మించకుండా కొనసాగుతారు. మిగతావారు నాలుగేళ్లకే సేవానిధి అనే ఏకమొత్తం తీసుకుని, పింఛను లేకుండా వెనక్కి వస్తారు. పింఛను చూపించి ఇంటి అప్పు అడగడం వారికి కుదరదు. స్వర్ణోత్సవ సంవత్సరంలో ఇంకో టవర్‌కు శంకుస్థాపన చేయడం కన్నా, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక బల్ల వేసి, స్థలం పత్రాలు చూసే న్యాయవాదిని, ఇంటి ప్లాను గీసి అంచనా వేసే ఇంజనీరును వారానికో రోజు కూర్చోబెడితే మంచిది. గుంటూరు, శ్రీకాకుళం, కరీంనగర్ పల్లెల్లో ఇల్లు కట్టుకునే జవానుకు, సైనికుడి వితంతువుకు ముందుగా కావలసింది అదే.